జన్యు పరీక్షల పాఠం: సొంత వంశవృక్షమా, రూపాయి బిళ్ళలా?

పదో తరగతి అనువంశికత పాఠంలో బఠానీ మొక్కలు అయిపోయి మనుషుల దగ్గరికి వచ్చేసరికి నేను కాస్త జాగ్రత్తపడతాను. తలసీమియా, సికిల్ సెల్ లాంటి వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బులకు జన్యు పరీక్ష ఎందుకు చేస్తారు, ఫలితం చూసి ఏం అర్థం చేసుకోవాలి అన్నది పిల్లలకు చెప్పడానికి కోనసీమ బళ్ళలో ఇన్నేళ్ళుగా మూడు పద్ధతులు వాడాను. బోర్డు మీద తల్లిదండ్రుల జన్యువులు బిడ్డలో ఎలా కలవొచ్చో చూపే నాలుగు గళ్ళ పట్టిక, ఇంటి దగ్గర సొంత వంశవృక్షం, తరగతిలో రూపాయి బిళ్ళలు.

గళ్ళ పట్టిక ఐదు నిమిషాల పని. పరీక్షలో మార్కులూ వస్తాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే (అంటే జబ్బు లేకుండా, జన్యువు జతలో ఒకదానిలో మాత్రమే లోపం ఉన్నవాళ్ళయితే) ఒక గడిలో జబ్బు, రెండు గళ్ళలో వాహకులు, ఒక గడిలో ఏ లోపమూ లేదు. చిక్కల్లా ఒక్కటే, పిల్లలు నాలుగు గళ్ళను నలుగురు బిడ్డలుగా చదువుతారు. "మొదటి బిడ్డకు వచ్చేసింది కదండీ, ఇంక మిగతా ముగ్గురికీ రాదు కదా?" అని అడుగుతారు. పెద్దవాళ్ళూ ఇలాగే అనుకుంటారు. తలసీమియా బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో ఈ అపోహతో పరీక్ష లేకుండా రెండో కాన్పుకు వెళితే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

సొంత వంశవృక్షం నాకు చాలాకాలం ఇష్టమైన హోమ్‌వర్క్. పిల్లలు తాతమ్మల దగ్గర కూర్చుని నాలుగు తరాల పేర్లు రాసుకొచ్చేవాళ్ళు. ఒక ఏడాది ఒక అమ్మాయి ఖాళీ కాగితం తెచ్చింది. ఎందుకు రాయలేదని అందరి ముందూ అడిగాను. ఏడ్చేసింది. వాళ్ళ ఇంట్లో ఒక బిడ్డ చిన్నప్పుడే పోయాడట. ఆ సంగతి బళ్ళో రాస్తే రేపు సంబంధాలు ఎలా వస్తాయని నాయనమ్మ కాగితం లాక్కుందట. తప్పు పూర్తిగా నాదే. ఆ హోమ్‌వర్క్ దత్తతకు వచ్చిన పిల్లవాడిని ఏం చేస్తుందో, తండ్రి వదిలేసి వెళ్ళిన పిల్లను ఏం చేస్తుందో నేను అప్పటిదాకా ఆలోచించనేలేదు.

ఇంకో పిల్లవాడు నిలబడి, "మా అమ్మ మా మావయ్యనే చేసుకుందండి, నాకు జబ్బు వస్తుందాండి?" అన్నాడు. మంచి ప్రశ్న. నలభై మంది వింటుండగా అడగాల్సి రావడమే బాధ. మన వైపు మేనరికాలు ఉన్నాయి కాబట్టి జవాబు తప్పించుకోకూడదు. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి, మేనబావ మరదళ్ళకు ఎనిమిదో వంతు. పుట్టుకతో తీవ్రమైన సమస్య వచ్చే అవకాశం మామూలు దంపతుల బిడ్డలకు నూటికి 2-3 అనుకుంటే, మేనబావ మరదళ్ళ బిడ్డలకు సుమారు 4-6. మేనమామ వరసలో అంతకంటే ఎక్కువ. పెరుగుతుందన్న మాట ఎంత నిజమో, ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారన్నదీ అంతే నిజం. రెండు మాటలూ కలిపే చెప్పాలి.

ఇక బిళ్ళలు. ఊరూ ఇంటిపేరూ లేని ఒక కుటుంబాన్ని మేమే కల్పించుకుంటాం. ఇద్దరిద్దరు జట్టు, ఒకరు తల్లి, ఒకరు తండ్రి, ఇద్దరూ వాహకులే, చేతిలో చెరో రూపాయి. బొరుసు అంటే లోపమున్న జన్యువు. రెండూ బొరుసు పడితే బిడ్డకు జబ్బు. మొదట అష్టాచెమ్మా ఆడే చింతపిక్కలతో చేయించాను. కానీ చెక్క చేసిన పిక్క రెండు వైపులా సమంగా పడదు. వంద సార్లు వేసి లెక్కపెడితే తెలిసిపోతుంది.

ప్రతి జట్టూ నాలుగు సార్లు ఎగరేస్తుంది, అంటే నలుగురు బిడ్డలు. లెక్క ప్రకారం నూటికి దాదాపు 32 జట్లకు ఒక్క జబ్బు బిడ్డా పడదు. కొన్ని జట్లకు ఇద్దరు పడతారు. గళ్ళ పట్టిక చూపించలేనిది ఇదే. ముందు ఏం పడిందో బిళ్ళకు గుర్తుండదని, ప్రతి కాన్పుకూ అదే నాలుగో వంతు అని పిల్లలు తమ చేతులతో చూస్తారు.

తర్వాత ఒక బిళ్ళకు రెండు వైపులా బొమ్మ స్టిక్కర్ అంటిస్తాను. అంటే అతను వాహకుడు కాదు. ఇప్పుడు ఎన్నిసార్లు ఎగరేసినా జబ్బు బిడ్డ పడడు. వాహకురాలు అన్నంత మాత్రాన పెళ్ళి ఆగక్కర్లేదు, అవతలి వ్యక్తికి కూడా పరీక్ష చేయిస్తే చాలని అమ్మాయిలకు అర్థమయ్యేది ఇక్కడే. నేను బిళ్ళల వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే.

ఎవరి బిళ్ళ మీద బొరుసు ఉందో కనిపెట్టేదే పరీక్ష. తలసీమియా వాహకుల్లో ఎర్ర రక్తకణాలు చిన్నవిగా ఉంటాయి. ఐరన్ లోపం అనుకుని మాత్రలు వాడుతూ ఉండిపోయేవాళ్ళూ ఉంటారు. రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం సాధారణంగా 3.5 శాతం దాటి కనిపిస్తుంది. సికిల్ సెల్‌కు మొదట చేసేది గొట్టంలో రక్తం కలిపి చూసే చిన్న పరీక్ష. వెనక పెట్టిన గీతలు కనబడకపోతే అనుమానించాలి. రోగి ఎవరో వాహకుడు ఎవరో అది చెప్పలేదు, మళ్ళీ హెచ్‌పీఎల్‌సీ కావాలి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు చేయిస్తోంది. మనకు గోదారి ఎగువన ఉన్న మన్యం పిల్లలకు ఇది రోజువారీ విషయమే. గర్భంలో బిడ్డకు జబ్బు ఉందో లేదో చూడటాన్ని గర్భంలో లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం నిబంధనలతో అనుమతిస్తుంది, ఆడో మగో చెప్పడం మాత్రం నేరం. ఈ రెండింటినీ పిల్లలు కలిపేసుకుంటారు, విడదీసి చెప్పండి.

బిళ్ళలతో అన్నీ కుదరవు. హిమోఫీలియా (రక్తం గడ్డకట్టని జబ్బు), వర్ణాంధత్వం చెప్పాలంటే బిళ్ళల మీద ఆడో మగో నిర్ణయించే ఎక్స్, వై క్రోమోజోములు రాసుకోవాలి. షుగర్, బీపీలు ఒక్క జన్యువుతో వచ్చేవి కావు. ఆ మాట చెప్పకపోతే పిల్లలు ఇంట్లో తాతగారి షుగర్‌ను కూడా బొమ్మా బొరుసుతో లెక్కేస్తారు. గళ్ళ పట్టికను నేను మానలేదు, బిళ్ళల తర్వాత పది నిమిషాలు గీయిస్తాను. అప్పుడు బాగా ఎక్కుతుంది. పిల్లలకే పరీక్షలు చేయించి చూపిద్దామని కొందరు ఉత్సాహపడతారు. వద్దు. ఇంట్లోవాళ్ళ అనుమతి, ఫలితం విడమరిచి చెప్పే డాక్టరు లేకుండా ఆ కాగితం తరగతిలోకి రాకూడదు.

సొంత ఇంటి సంగతులు అడగాలనుకునే వాళ్ళకోసం బల్ల మీద మూత ఉన్న డబ్బా ఒకటి పెడతాను. పేరు రాయకుండా చీటీ వేస్తే మర్నాడు జవాబు చెబుతాను. పోయిన ఏడాది మొదటి చీటీలో, "మా చెల్లికి ఐరన్ మాత్రలు ఏడాదిగా వేస్తున్నా రక్తం పెరగట్లేదు. ఏం పరీక్ష అడగాలి?" అని ఉంది. సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో ఎంసీవీ, అంటే ఎర్ర రక్తకణాల సగటు సైజు, ఎంతుందో డాక్టరుగారిని అడగమని, అది తక్కువుంటే హెచ్‌పీఎల్‌సీ అవసరమేమో కనుక్కోమని బోర్డు మీద రాశాను. తరగతిలో సగం మంది అది నోట్సులో ఎక్కించుకున్నారు.