చలనాన్ని చూపడానికి ఏ గ్రాఫ్ మేలు?

హైదరాబాద్ మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్‌కు సుమారు 29 కిలోమీటర్లు. ఒక రైలు అక్కడికి వెళ్ళి, కాసేపు నిలిచి, తిరిగి మియాపూర్ చేరిందనుకుందాం. ఈ చలనాన్ని దూరం–కాలం, స్థానభ్రంశం–కాలం, వేగం–కాలం గ్రాఫులలో దేనితోనైనా చూపవచ్చు. విద్యార్థి మొదట పట్టు సాధించవలసినది స్థానభ్రంశం–కాలం గ్రాఫ్ మీదనే అని నా దృఢమైన అభిప్రాయం.

దూరం అదిశ రాశి. దానికి దిశ లేదు కనుక రైలు ముందుకు పోయినా, వెనక్కి వచ్చినా గీత పైకే పోతుంది. చివరికి 58 కిలోమీటర్లు చూపుతుంది. చక్రాల అరుగుదలను అంచనా వేసేవారికి కావలసినది ఈ సంఖ్యే. రైలు ఇప్పుడు ఎక్కడుందన్న ప్రశ్నకు మాత్రం ఆ గ్రాఫ్‌లో జవాబు దొరకదు.

స్థానభ్రంశం, అంటే బయలుదేరిన చోటు నుంచి ఎంత దూరంలో, ఏ దిశలో ఉన్నామన్నది, సదిశ రాశి. దానికి దిశ కూడా ఉంటుంది. పట్టాలకు మలుపులున్నా, సౌలభ్యం కోసం మార్గాన్ని ఒక సరళరేఖగా భావించి, మియాపూర్‌ను మూలబిందువుగా, ఎల్‌బీ నగర్ వైపును ధన దిశగా తీసుకుందాం. అప్పుడు గీత 29 వరకు ఎక్కి, రైలు నిలిచినంతసేపు అడ్డంగా సాగి, తిరుగు ప్రయాణంలో సున్నాకు దిగుతుంది. ఏ క్షణంలోనైనా గీతకున్న వాలు, అంటే అది ఎంత నిటారుగా ఉందన్న కొలత, ఆ క్షణపు వేగం కనుక, దిగే గీత రుణ వేగాన్ని తెలుపుతుంది. ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళను ఒకే కాగితం మీద గీస్తే, గీతలు ఖండించుకున్న చోట అవి ఎప్పుడు, ఎక్కడ ఎదురుపడ్డాయో కనిపిస్తుంది. కాలాన్ని ఒక అక్షం మీద, స్టేషన్లను మరో అక్షం మీద గుర్తించే రైల్వే కంట్రోల్ చార్టులకు ఆధారం ఇదే. వేగం–కాలం గ్రాఫ్‌లో గీతలు ఖండించుకుంటే ఆ క్షణాన వేగాలు సమానమని మాత్రమే అర్థం. రైళ్ళు కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు.

అయితే వేగం–కాలం గ్రాఫ్‌కు దాని బలం దానికుంది. రెండు స్టేషన్ల నడుమ రైలు 20 సెకన్లలో సెకనుకు 20 మీటర్ల వేగం అందుకుని, 30 సెకన్లు అదే వేగంతో సాగి, మరో 20 సెకన్లలో ఆగిందనుకుంటే, గ్రాఫ్ ఒక సమలంబ చతుర్భుజం అవుతుంది. దాని వైశాల్యం 200, 600, 200 మీటర్ల మొత్తం, అంటే 1000 మీటర్ల స్థానభ్రంశం. త్వరణం, అంటే వేగం మారే రేటు, కూడా ఈ గ్రాఫ్ వాలులోనే దొరుకుతుంది. ఇదే చలనానికి స్థానభ్రంశం గ్రాఫ్‌లో రెండు పరావలయ ఖండాలు (వంపు గీతలు), వాటి మధ్య ఒక సరళరేఖ వస్తాయి. కంటితో చూసి త్వరణం కొలవడం కష్టం. కాని వేగం గ్రాఫ్ రైలు బయలుదేరిన చోటును చెప్పదు. దాన్ని విడిగా ఇవ్వాలి. పైగా అడ్డగీత స్థానభ్రంశం గ్రాఫ్‌లో విరామాన్ని, వేగం గ్రాఫ్‌లో సమవేగాన్ని సూచిస్తుంది. పరీక్షలలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

వంపు మార్గాల దగ్గర నా ఎంపికకూ హద్దు ఉంది. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డును రెండు గంటలలో చుట్టి బయలుదేరిన చోటికే వచ్చిన కారు సగటు వడి (దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది) గంటకు 79 కిలోమీటర్లు, సగటు వేగం (స్థానభ్రంశాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది) సున్నా. స్థానభ్రంశ పరిమాణాన్ని మాత్రమే గీస్తే అది పెరిగి తరుగుతుంది గాని, కారు శంషాబాద్ వైపు ఉందో ఘట్‌కేసర్ వైపు ఉందో తెలియదు. అక్కడ తూర్పు–పడమర అంశానికి ఒకటి, ఉత్తర–దక్షిణ అంశానికి ఒకటి చొప్పున రెండు స్థానభ్రంశం–కాలం గ్రాఫులు గీయాలి.