పాత లారీ టైమింగ్: చెవితోనా, చుక్కతోనా?

ఆరు లక్షల కిలోమీటర్లు దాటిన మెకానికల్ డీజిల్ పంపు లారీ పొద్దున్నే తెల్లపొగ కక్కుతూ, ఎత్తు ఎక్కలేక వేడెక్కుతుంటే టైమింగ్ (పంపు సిలిండర్‌లోకి డీజిల్ కొట్టే సమయం) వెనక పడిందని అనుమానం. స్టార్టింగ్‌లో ఇంజన్ వెనక్కి తన్ని, కటకటా కొడితే ముందుకు జరిగినట్టు.

చెవి పద్ధతిలో పంపు బోల్టులు లూజు చేసి, శబ్దాన్ని బట్టి అటూ ఇటూ తిప్పుతారు. పావుగంట పని. చిక్కేమిటంటే, పాడైన నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) కూడా అలాగే కొడుతుంది. ఐడిల్‌లో ఉండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేయండి (చెయ్యి దూరంగా ఉంచండి, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది). ఒక్క సిలిండర్ దగ్గరే మోత ఆగితే పంపు జోలికి పోవద్దు.

చుక్క పద్ధతికి ఓపిక కావాలి. మొదటి సిలిండర్ కంప్రెషన్‌లో, దాని రెండు రాకర్లూ (వాల్వులు తెరిచే మీటలు) లూజుగా ఉండాలి. పంపులో ఆ సిలిండర్ డెలివరీ వాల్వ్ (నాజిల్ పైపుకి డీజిల్ వదిలేది), స్ప్రింగ్ తీసి, వాల్వ్ మీది హోల్డర్‌కి వంపు గొట్టం బిగించి, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు) కొడుతూ ఇంజన్‌ని అది తిరిగే దిశలోనే మెల్లగా తిప్పాలి. గొట్టంలోంచి వచ్చే ధార సన్నబడి చుక్కలైన చోటే పంపు డీజిల్ కొట్టడం మొదలుపెట్టేది; అక్కడ ఫ్లైవీల్ (ఇంజన్ వెనక ఉండే బరువు చక్రం) మీది టైమింగ్ మార్క్ చూడాలి. దాటిపోతే బాగా వెనక్కి తెచ్చి మళ్లీ రావాలి, లేకపోతే అరిగిన గేర్ల లూజు లెక్క తప్పిస్తుంది. పాత బండికి నేనైతే దీన్నే నమ్ముతాను. చెవి పద్ధతి దారిలో ఇరుక్కున్నప్పుడు షెడ్డు దాకా చేరడానికి పనికొస్తుంది, అంతే.