పీజీ కోసం తీసుకున్న 12 లక్షల లోన్: ఎనిమిదేళ్లు వాడాక

శాంక్షన్ లెటర్ చేతికొచ్చిన రోజే ఈ రివ్యూ రాసి ఉంటే ఐదు స్టార్లూ ఇచ్చేసేదాన్ని. కొత్త ఫ్రిజ్ ప్లగ్గు పెట్టగానే స్టార్లు ఇచ్చేవాళ్లు ఉంటారు కదా, అలాగ. మొదటి విడత 2017 జూలైలో పడింది. లోన్ క్లోజ్ చేసింది 2025 అక్టోబర్‌లో. ఇప్పుడైతే మూడు ఇస్తాను. ఆ మూడింటిలో ఒకటి నాన్న ఓపికకి.

బ్యాంకు పేరు రాయను. ప్రభుత్వ బ్యాంకే, విశాఖపట్నం గాజువాకలో మా ఇంటికి దగ్గరున్న బ్రాంచి. ఎడ్యుకేషన్ లోన్ నిబంధనలు ప్రభుత్వ బ్యాంకులన్నింటిలో దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా అంతా ఆ సీట్లో ఎవరు కూర్చున్నారన్న దాంట్లోనే.

ఐసెట్ ర్యాంకుకి ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీ) ఎంబీఏ సీటు వచ్చేది. రోజూ ఇంట్లోంచే బస్సులో వెళ్లి రావచ్చు. నాన్నకి అదే ఇష్టం. నేను పుణెలో ఓ ప్రైవేట్ కాలేజీ మీద మనసు పెట్టుకున్నాను. హాస్టల్‌తో కలిపి సెమిస్టర్‌కి 3 లక్షల 16 వేలు, అలా నాలుగు సెమిస్టర్లు. నాన్న వద్దనలేదు. "దస్తావేజులు బీరువాలోనే ఉన్నాయి" అన్నారంతే.

దస్తావేజులెందుకంటే, అప్పటి నిబంధన ప్రకారం 4 లక్షల దాకా ఏ పూచీ అక్కర్లేదు. ఏడున్నర లక్షలు దాటితే మాత్రం ఏదో ఒక ఆస్తి చూపించాల్సిందే. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే మారటోరియం కాలంలో, అంటే EMI ఇంకా మొదలవని రోజుల్లో, వడ్డీని కేంద్రమే భరించే సబ్సిడీ ఒకటుంది. షిప్‌యార్డులో నాన్న జీతం ఆ గీతని కొంచెం దాటింది. కాబట్టి అదీ లేదు. ఇక మిగిలింది పెందుర్తి వైపు వుడా (అప్పటి విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్లో 1994లో కొన్న 150 గజాల స్థలం.

మూడు వారాలు తిరిగాం. మీసేవలో 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే పత్రం), లింక్ డాక్యుమెంట్లు, లేఅవుట్ ప్లాన్ కాపీ, ప్యానెల్ లాయర్ లీగల్ ఒపీనియన్, ఆ తర్వాత వాల్యుయేషన్. లీగల్ దగ్గర పేచీ పడింది. మాకు అమ్మినాయన పేరు మా దస్తావేజులో రెండు ఇనిషియల్స్‌తో ఉంది, ఆయన కొన్న లింక్ డాక్యుమెంట్లో ఒక్కటే ఉంది. ఆయనేమో ఎప్పుడో పోయారు. కొడుకు అనకాపల్లిలో ఉంటాడని తెలిసి, నాన్న వెళ్లి స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ రాయించుకొచ్చారు. ఆ కొడుకు కాఫీ ఇచ్చి, "మా నాన్న సంతకం చూసి పన్నెండేళ్లయిందండీ" అంటూ ఆ కాగితం కేసే చూస్తూ కూర్చున్నాడట. నాన్న ఇప్పటికీ చెబుతుంటారు.

సంతకాల రోజున బీమా పాలసీ ఫారం కూడా ముందుకు జరిపారు. ఇది తప్పనిసరా అని అడిగితే, "అందరూ తీసుకుంటారమ్మా" అన్నారు. అది నా ప్రశ్నకి జవాబు కాదు. అయినా సంతకం పెట్టాం. ఫీజు కట్టాల్సిన గడువు ఇంకో నాలుగు రోజులే ఉంది మరి.

ఈ లోన్‌లో అసలు సంగతి మారటోరియమే. కోర్సు అయ్యేదాకా, ఆ పైన ఇంకో ఏడాది EMI ఉండదు. నేను దాన్ని 'ఏమీ కట్టక్కర్లేదు' అని అర్థం చేసుకున్నాను. EMI ఉండదు గానీ వడ్డీ ఉంటుంది. బారువడ్డీయే, చక్రవడ్డీ కాదు. కానీ డబ్బు పడిన రోజు నుంచే మీటరు తిరుగుతుంది. మాకు 10.5 శాతం. 5 శాతం మార్జిన్ మేం వేసుకుంటే, సెమిస్టర్‌కి 3 లక్షల చొప్పున బ్యాంకు ఇచ్చేది. మొదటి 3 లక్షలకి నెలకి వడ్డీ 2,625 రూపాయలు. ఆరు నెలలు నాన్న నెలనెలా కట్టారు. జనవరిలో రెండో విడత పడగానే అది 5,250 అయింది. ఆయన రిటైర్మెంట్‌కి నాలుగు నెలలుంది. "ఉద్యోగం వచ్చాక చూసుకుందాంలే నాన్నా, ఆపెయ్" అని చెప్పింది నేనే.

చదువుకునే కాలంలో వడ్డీని ఎప్పటికప్పుడు కట్టేస్తే రేటులో 1 శాతం తగ్గింపు ఉందని శాంక్షన్ లెటర్లో రెండో పేజీ చివర ఉంది. ఆ పేజీ నేను చదివింది 2020లో.

నాలుగో విడత పడేసరికి నెలకి 10,500 చొప్పున వడ్డీ పేరుకుంటోంది. 2020 జూలైలో EMI మొదలయ్యేనాటికి అసలు 12 లక్షలకి 2,67,750 కలిసింది. అప్పటి నుంచి వడ్డీ 14,67,750 మీద. మా నాన్న ఆరు నెలలు కట్టిన 15,750 లేకపోతే ఇంకాస్త ఎక్కువే ఉండేది. ఇప్పుడెవరైనా అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే: ట్యూషన్ చెప్పో, ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లోంచో, అమ్మ చీటీ డబ్బుల్లోంచో, కోర్సులో ఉండగానే ఆ వడ్డీ కట్టేయండి. మొత్తం కుదరకపోతే సగమైనా.

డబ్బు విడుదల గురించి కూడా చెప్పాలి. ప్రతి సెమిస్టర్‌కీ కాలేజీ నుంచి ఫీజు డిమాండ్ లెటర్, మార్కుల జాబితా పట్టుకుని బ్రాంచికి వెళ్లాలి. నేను పుణెలో, కాబట్టి తిరిగింది నాన్నే. మూడో సెమిస్టర్లో లోన్లు చూసే ఆఫీసర్ బదిలీ అయ్యారు. కొత్తాయనకి ఫైలు దొరకలేదు. ఫీజు తొమ్మిది రోజులు ఆలస్యమైతే కాలేజీ వేసిన ఫైన్ మేమే కట్టాం. నాలుగోసారి మాత్రం నాన్న నెల రోజుల ముందే వెళ్లి కూర్చున్నారు.

2019లో హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఏడాది తిరక్కుండానే లాక్‌డౌన్, మళ్లీ గాజువాకలో నా పాత గదిలోనే లాప్‌టాప్. అప్పుడు చేసిన తెలివైన పని ఒకటుంది. నా లోన్ పాత ఎంసీఎల్ఆర్ లెక్కలో, అంటే బ్యాంకు తన నిధుల ఖర్చుని బట్టి వేసుకునే రేటులో ఉంది. కొత్త లోన్లకి మాత్రం 2019 అక్టోబర్ నుంచి రెపో రేటుకి (రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి అప్పిచ్చే రేటు) ముడిపెట్టిన లెక్క వచ్చింది. అడిగితే మారుస్తారని ఆఫీసులో ఒకాయన చెప్పారు. అర్జీ పెట్టుకున్నాను. రెపో అప్పుడు 4 శాతం, నా రేటు 9కి దిగింది. పదేళ్లకి EMI 18,600.

రెపోకి ముడిపెడితే దిగినట్టే ఎక్కుతుంది కూడా. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వ్ బ్యాంక్ దాన్ని 6.5కి తీసుకెళ్లింది. నా 9 కాస్తా 11.5 అయింది. EMI మాత్రం అదే 18,600, ఎవరూ ఫోన్ చేయలేదు. నేనూ ధీమాగా ఉన్నాను. 2023 మార్చిలో టాక్స్ కోసం వడ్డీ సర్టిఫికెట్ దించుకుంటూ పక్కనే చివరి వాయిదా తేదీ చూశాను. 2030 జూన్ ఉండాల్సిన చోట 2031 ఆగస్టు ఉంది. EMI పెంచకుండా నెలలు పెంచేశారన్నమాట. కడుతున్న 18,600లో 11,500 వడ్డీకే పోతోంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే ఏడాది ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్, రేటు మారినప్పుడు EMI పెంచాలా, కాలం పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్లనే అడగాలని బ్యాంకులకి చెప్పింది. నాకైతే అప్పటికే టెన్షన్ అంతా పడటం అయిపోయింది.

ఏప్రిల్ నుంచి నెలకి 30 వేలు కట్టడం మొదలుపెట్టాను. అప్పటికి ఋషికొండలో ఉద్యోగం, ఇంట్లోనే ఉంటున్నాను, అద్దె లేదు. ఫ్లోటింగ్ రేటు లోన్‌కి ముందుగా కడితే పెనాల్టీ ఉండదు, ఇది ఈ లోన్‌కి నేనిచ్చే రెండో స్టార్. మూడోది అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 80ఈ సెక్షన్: కట్టిన వడ్డీ మొత్తాన్ని, పరిమితి లేకుండా, ఎనిమిదేళ్ల దాకా ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. అయితే పాత పన్ను విధానంలోనే, కొత్తదాంట్లో లేదు. రెండూ లెక్కేసుకుని చూడండి.

ఒక్క EMI తప్పింది, 2021లో ఉద్యోగం మారినప్పుడు. జీతం కొత్త ఖాతాలో పడుతోంది, ఆటో డెబిట్ పాత ఖాతాకే ఉంది. బౌన్స్ ఛార్జీ పెద్ద విషయం కాదు. కో-అప్లికెంట్ కాబట్టి నాన్న సిబిల్ స్కోరూ పడింది. ముప్పై నాలుగేళ్లు ఉద్యోగం చేసి ఎవరి దగ్గరా వంద రూపాయలు అప్పు చేయని మనిషి. ఆ సంగతి ఆయనకి ఎలా చెప్పాలో తెలియక, చెప్పకుండా ఊరుకున్నాను.

రెండు బోనస్‌లు, చివర్లో ఐదు లక్షల చీటీ పాడి అందులోంచి మూడు లక్షల పైచిలుకు వేసి, లోన్ తీర్చేశాను. అంతా కూడితే 12 లక్షలకి కట్టింది దాదాపు 20 లక్షల 70 వేలు. ఏయూలో చేరి ఉంటే ఇదే ఉద్యోగం వచ్చేదా అని అమ్మ ఓసారి అడిగింది. ఏమో, వచ్చేదేమో. ఋషికొండలో నా పక్క సీటు అమ్మాయి ఏయూలోనే చదివింది.

ఇప్పుడు చేరేవాళ్లు ముందు పీఎం విద్యాలక్ష్మి చూసుకోండి. 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం కాలేజీలకిచ్చే) ర్యాంకులు, కేంద్ర సంస్థలు ఆధారంగా చేసిన జాబితాలో మీ కాలేజీ ఉంటే తనఖా, పూచీ లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపైతే 10 లక్షల లోన్ దాకా మారటోరియంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా. మన గంభీరంలోని ఐఐఎం లాంటి చోట సీటొస్తే బీరువా తెరవాల్సిన పనే ఉండదు. నా కాలేజీలాంటి చోట్లయితే ముందు ఆ జాబితా చూసుకుని, తర్వాత అడ్మిషన్ ఫీజు కట్టండి.

క్లోజర్ లెటర్ అదే రోజు ఇచ్చారు. దస్తావేజులు మాత్రం వేరే చోట భద్రపరిచారట. "వచ్చే వారం రండి మేడమ్" అని మూడు వారాలు తిప్పారు. 2023 డిసెంబర్ నుంచి, లోన్ తీరాక 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వకపోతే, జాప్యం బ్యాంకుదే అయితే రోజుకి 5,000 రూపాయలు బ్యాంకే కట్టాలన్న నిబంధన ఉంది. ఆ సర్క్యులర్ ప్రింట్ తీసి, ఏమీ మాట్లాడకుండా టేబుల్ మీద పెట్టాను. ఇరవై ఏడో రోజున ఫోన్ వచ్చింది.

నాన్న కూడా వచ్చారు. 2017లో ఇచ్చేటప్పుడే ప్రతి కాగితం వెనక మూలన పెన్సిల్‌తో నంబరు వేశారట, నాకు తెలీదు. కౌంటర్ దగ్గరే నిలబడి, వేలు తడి చేసుకుంటూ 1 నుంచి 42 దాకా తిప్పి చూశారు. ఆ అనకాపల్లి అఫిడవిట్ 38. వెనకాల లైన్లో ఉన్నాయన విసుక్కుంటున్నా తల ఎత్తలేదు.

కాగితాలు చేతికొచ్చినా పని అయిపోదు. రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రద్దు రిజిస్టర్ చేయించాలి, లేకపోతే ఈసీలో బ్యాంకు పేరు అలాగే ఉంటుంది. అదీ చేయించి, వారం తర్వాత మీసేవలో కొత్త ఈసీ తీయించాం. రిలీజ్ అని పడింది. నాన్న దాన్ని లామినేషన్ చేయిస్తానన్నారు. వద్దన్నాను, చేయించుకొచ్చారు.