చెవిలో మోతతో కృష్ణ ఒడ్డున మూడు రోజులు

నాకు నిశ్శబ్దం పడదు. పడుకునే ముందు ఫ్యాన్ ఆగితే చాలు, కుడి చెవిలో మోత పైకి లేస్తుంది. కుక్కర్ విజిల్ వేసే ముందు సన్నగా ఆవిరి పోతుంటుంది కదా, అచ్చం ఆ చప్పుడు. రెండేళ్లుగా ఇదే నాకు తోడు.

గుంటూరు దగ్గర ఒక నూలు మిల్లులో ఇరవై రెండేళ్లు స్పిన్నింగ్ సెక్షన్‌లో పనిచేశాను. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప మాట వినపడని హాలు అది. ఈఎన్‌టీ డాక్టరు గారు వినికిడి పరీక్ష చేసి, కాగితం మీద గీత 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలా కిందికి దిగడం చూపించారు. పెద్ద చప్పుళ్లలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు సాధారణంగా అక్కడే దెబ్బ తగులుతుందట. లోపలి చెవిలో పోయిన సన్నటి కణాలు మళ్లీ మొలవవు. అందని శబ్దం చోటును మెదడు తనే నింపుకోవడానికి చూస్తుంది, ఆ మోతనే టినిటస్ అంటారు. ఆయన చెప్పిన మాట ఒకటి బాగా పట్టుకుంది నన్ను. "నిశ్శబ్దం వెతుక్కోకండి. మోత కంటే కాస్త తక్కువ స్థాయిలో మెత్తని చప్పుడు ఏదో ఒకటి వెనకాల ఉండనివ్వండి. వాన, ఏరు, తంబురా, ఏదైనా సరే. కొన్నాళ్లకు మెదడు మోతను పట్టించుకోవడం మానేస్తుంది."

అలాంటి చప్పుడు మన చుట్టుపక్కల ఎక్కడ దొరుకుతుందో చూద్దామని, దసరా అయిన వారం మా ఆవిడా నేనూ మూడు రోజులు బయల్దేరాం. చూసిన చోట్లను కంటితో కాక చెవితో బేరీజు వేశాను. నాలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లకు, లేకపోయినా టెన్షన్‌తో నిద్ర పట్టనివాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మొదటి రోజు పొద్దున్నే ఉప్పలపాడు. గుంటూరు నుంచి పదిహేను, ఇరవై నిమిషాల దారి. ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు, నల్లని వంకర ముక్కు పిట్టలు. నిజం చెప్పాలంటే భయపడుతూనే వెళ్లాను, అన్ని పక్షులు ఒక్కచోట అరిస్తే నా చెవి తట్టుకుంటుందా అని. గట్టు మీద నిలబడ్డ మొదటి నిమిషంలో మిల్లు హాలే గుర్తొచ్చింది. రొద ఎక్కడా తెగడం లేదు. అయినా పావుగంట గడిచేసరికి భుజాలు దిగాయి, దవడ వదులైంది. మిల్లు చప్పుడుకూ దీనికీ తేడా ఏమిటని చాలాసేపు ఆలోచించాను. యంత్రం ఒకే మాట వెయ్యిసార్లు చెబుతుంది. ఇక్కడ ఏ రెండు క్షణాలూ ఒకలా లేవు. ఒక గూడు సద్దుమణిగేలోగా ఇంకో గూట్లో పిల్లలు మొదలుపెడతాయి.

అక్కడ కాసేపు నిలబడితే ఇంకో సంగతి తెలుస్తుంది. పెద్ద కొంగలకు గొంతు దాదాపు లేనట్టే. అవి ముక్కులు టకటక కొట్టుకుంటాయి అంతే, ఎండిన వెదురు బద్దలు తాకించినట్టు. ఆ రొదంతా తిండి కోసం పిల్లలు చేసే గోల. ఈ సంగతి తెలిశాక వినే తీరే మారిపోయింది. రొదలోంచి ఒక్క టకటకను ఏరుకుని దాని వెంటే చెవి పెట్టి వెళ్లడం, అది ఆగగానే ఇంకొకటి పట్టుకోవడం. ఇలా అరగంట చేశాక మా ఆవిడ "ఏమండీ, మోత ఎలా ఉంది?" అని అడిగితే, దాని సంగతే మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. ధ్యానం అంటే కళ్లు మూసుకుని లోపలికి చూడడమే అనుకునేవాణ్ని. నాబోటివాడు లోపలికి చూస్తే దొరికేది మోతే. చెవిని బయటికి పంపడం కూడా ధ్యానమేనని ఆ చెరువు గట్టు నేర్పింది. ఎండ ఎక్కితే రెట్ట వాసన గట్టిగా ఉంటుంది, ఏడున్నర లోపే వెళ్లండి. మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి.

ఆ మధ్యాహ్నం ఉండవల్లి గుహలు. కొండనే తొలిచిన నాలుగంతస్తుల కట్టడం, పై అంతస్తుల్లో ఒకదానిలో రాతిలోనే పడుకుని ఉన్న పెద్ద అనంత పద్మనాభుడు. చూడడానికి అంతకంటే గొప్ప చోటు ఈ ప్రయాణంలో లేదు. నా చెవికి మాత్రం అదే కష్టమైన చోటు. జనం లేని వేళ లోపలికి వెళ్లాను. మందపాటి రాయి బయటి చప్పుడంతా ఆపేసింది, ఆ నిశ్శబ్దంలో మోత కోడెదూడలా విరుచుకుపడింది. చెవులు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అదే గుహ వరం కావచ్చు. మా ఆవిడ స్వామి పాదాల దగ్గర కూర్చుని కదలనంది. నేను బయట పచ్చిక మీద చెట్టు కింద కూర్చున్నాను, గాలికి ఆకులు కదిలే చప్పుడు నాకు చాలింది. ఒకే చోటుకు ఇద్దరు వెళ్తే ఇద్దరికీ ఒకటే దొరకదు.

రాత్రి బస విజయవాడ బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో. 1,400 రూపాయలు, గది శుభ్రం, వేడినీళ్లు సమయానికి వచ్చాయి. కిటికీ మాత్రం రోడ్డు వైపు. రాత్రి పదకొండున్నరకు చప్పుడు కొలిచే ఫోన్ యాప్‌లో చూస్తే 58, 60 డెసిబెల్స్ మధ్య ఊగుతోంది. ఫోన్ లెక్క కచ్చితం కాదు, కానీ 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం వ్యాపార ప్రాంతంలో కూడా రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు 55 డెసిబెల్స్ దాటకూడదు. ఇళ్ల మధ్యన అయితే 45. డెసిబెల్స్‌లో పది పెరిగిందంటే శబ్దశక్తి పది రెట్లు పెరిగినట్టు. వెనక వైపు గది ఇమ్మని అడిగితే లేదన్నారు, పొద్దున చూస్తే రెండు గదులు ఖాళీగానే ఉన్నాయి. గది తీసుకునేటప్పుడు ఏసీ ఉందా అని అడుగుతాం, కిటికీ ఎటువైపు అని అడగం. ఇకమీదట నా మొదటి ప్రశ్న అదే.

రెండో రోజు తెల్లవారుజామున ఐదున్నరకు సీతానగరం ఘాట్. పైనుంచి నీళ్లు వస్తున్నందుకు ప్రకాశం బ్యారేజీ గేట్లు కొన్ని కాస్త ఎత్తి ఉంచారు. బ్యారేజీకి 70 గేట్లు, పొడవు 1,200 మీటర్ల పైమాటే, 1957 నుంచి నిలబడి ఉంది. బ్యారేజీ మీద నిలబడితే హారన్లు నీటిని మింగేస్తాయి. దిగువన మెట్ల మీద కూర్చుంటేనే నీళ్లు వినిపిస్తాయి. దూరంగా ఒకటే హోరు, దగ్గరగా మెట్లకు తగిలే చిన్న చప్పుళ్లు. నీటి హోరులో సన్నటి శ్రుతి నుంచి మందపాటి శ్రుతి వరకూ అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి నా మోత ఎక్కడో దాని మడతల్లో దాక్కుంది. 2021లో కెనడా, అమెరికా పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, మనసు తేలికపడటానికి నీటి చప్పుడు ముందుంటుందని, ఒత్తిడీ చిరాకూ తగ్గడానికి పక్షుల చప్పుడు ముందుంటుందని తేల్చారు. ఉప్పలపాడులో భుజాలు దిగడం, సీతానగరంలో ఊరికే సంతోషంగా అనిపించడం నాకు ఆ వరసలోనే జరిగాయి.

అక్కడి నుంచి ఎక్కిన ఆటో అబ్బాయిది విజయవాడ సింగ్‌నగర్. నీళ్ల చప్పుడు వినడానికి వచ్చామంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మాకు ఆ చప్పుడంటే గుండెలు జారిపోతాయి సార్. బుడమేరు వచ్చిన రాత్రి మంచం కింద గలగలమని వినపడే లేచాం." విజయవాడ పక్కన పారే బుడమేరు వాగు పొంగిన 2024 సెప్టెంబరు వరద అది. ఆ రోజుల్లోనే బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. నాకు మందైన చప్పుడు ఆ అబ్బాయికి గాయం. నీళ్ల చప్పుడు అందరికీ మంచిదని ఎవరైనా అంటే నాకు ఇప్పుడు ఆ అబ్బాయి గుర్తొస్తాడు.

భవానీ ద్వీపానికి ఆ రోజు పడవలు లేవు, నదిలో ప్రవాహం ఎక్కువగా ఉంది. వానాకాలంలో వెళ్లేవాళ్లు ముందే కనుక్కుని వెళ్లండి.

మధ్యాహ్నం నది ఒడ్డున ఒక రిసార్ట్‌లో 'సౌండ్ హీలింగ్' కార్యక్రమం. మనిషికి 1,200 రూపాయలు, నలభై ఐదు నిమిషాలు. ఏసీ హాలు, పరుపులు, కంచు గిన్నెలు, స్పీకర్లలో జలపాతం రికార్డింగ్. మంచి ముందు చెబుతాను. ఊపిరి నెమ్మదిగా తీయించిన అమ్మాయి చాలా ఓపికగా, సరిగ్గా చేయించింది. నిమిషానికి ఆరుసార్లు, పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు. అలా నెమ్మదించిన ఊపిరితో గుండె వేగం కూడా తగ్గుతుంది, అది నా నాడిలోనే తెలిసింది. ఇంటికి తెచ్చుకున్నది ఆ ఊపిరినే.

మిగిలినది నాకు నచ్చలేదు. స్పీకర్ల చప్పుడు ఎక్కువగా ఉంది, చెవి సమస్య ఉందని చెప్పి తగ్గించమంటే 'ఎనర్జీ తగ్గిపోతుంది' అన్నారు. వినికిడి దెబ్బతిన్న మనిషికి అది ప్రమాదకరమైన మాట. రికార్డింగ్ మూడు నిమిషాలకోసారి మొదటికి వస్తోంది. ఇరవై రెండేళ్లు యంత్రాల మధ్య బతికిన చెవికి తిరగబడే చోటు వెంటనే దొరికిపోతుంది. దొరికాక ఇక విశ్రాంతి లేదు, మళ్లీ ఎప్పుడొస్తుందా అని లెక్కపెడుతూ పడుకున్నాను. 432 హెర్ట్జ్ శ్రుతి శరీరంలోని కణాలను బాగుచేస్తుందని చెప్పారు, దానికి గట్టి ఆధారమేదీ లేదు. అన్నిటికంటే బాధ కలిగించింది ఏమిటంటే, అద్దాల తలుపు అవతలే కృష్ణ పారుతోంది. ఆ తలుపు తీసి ఉంటే సరిపోయేది. రెండు వేల నాలుగు వందలు పెట్టి ఎవరూ వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం.

ఆ రాత్రి మాత్రం నిద్రపోయాను. ఉండవల్లి దాటాక అరటితోటల మధ్య ఒక రైతు ఇంట్లో పై గది, తెలిసినవాళ్ల ద్వారా దొరికింది. 900 రూపాయలు, రాత్రి భోజనంతో కలిపి. ఏసీ లేదు, బాత్రూము కిందికి దిగి వెళ్లాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. కానీ కిటికీ తోట వైపు. కీచురాళ్లు, మడి గట్టున కప్పలు, గాలి వచ్చినప్పుడల్లా చిరిగిన అరటాకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు. వాన మొదలైందేమోనని రెండుసార్లు లేచి చూశాను, ఆకులే. యాప్‌లో 40 దగ్గర చూపించింది. రెండేళ్లలో ఫోన్‌లో ఏదో ఒక చప్పుడు పెట్టుకోకుండా పడుకున్న మొదటి రాత్రి అది.

పొద్దున జెముడుకాకి 'ఊప్ ఊప్' మంటుంటే మెలకువ వచ్చింది. కింద ఆ ఇంటి పెద్దాయన రేడియో పెట్టారు. విజయవాడ ఆకాశవాణి, భక్తిరంజని. 1948 డిసెంబరు 1న మొదలైన స్టేషన్. ఆ కార్యక్రమానికి రూపం ఇచ్చినవారిలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు ఒకరు. బాలమురళీకృష్ణ గారు తత్వాలు పాడి ఇంటింటికీ చేర్చింది ఆ రేడియోలోనే. పెద్దాయన వాల్యూం పెంచరు. పశువులకు మేత వేస్తూ, పాట దగ్గరైనప్పుడు విని, దూరమైనప్పుడు వదిలేస్తారు. మా చిన్నప్పుడు మా నాన్నగారూ ఇంతే. ధ్యానం అన్న పేరు పెట్టకుండానే మన ఇళ్లలో సంగీతం వినే తీరు ఒకటి ఉండేది. చేతిలో పని, చెవిలో పాట, రెండిటికీ పోట్లాట లేదు.

మూడో రోజు విజయవాడ సత్యనారాయణపురంలో మా ఆవిడ పిన్నిగారింటికి వెళ్లాం. అది యాత్రలో లేని మజిలీ, పలకరించి వద్దామని అంతే. ఆవిడ ఎనభై దాటారు, పెళ్లికి ముందు పదేళ్లు గాత్రం నేర్చుకున్నారు. గది మూలలో గుడ్డ కప్పిన తంబురా. డాక్టరు గారి మాట గుర్తొచ్చి అడిగితే, సంబరంగా తీసి ఒళ్లో పెట్టుకున్నారు. నాలుగు తీగలు: పంచమం (ప), రెండు సారణులు (మధ్య స్థాయి స), మంద్ర షడ్జమం (కింది స). మీటారు గానీ పేలవంగా వచ్చింది, డబ్బా మీద కొట్టినట్టు.

"పోగు పోయింది నాయనా" అన్నారు.

నాకు అర్థం కాలేదు. దగ్గరికి రమ్మని చూపించారు. కింద తీగలు ఆనే చెక్క మీద ఒక్కో తీగ కింద ఒక నూలుపోగు ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపితే ఒకచోట తీగ చెక్కను తాకీ తాకనట్టు అదురుతుంది. అప్పుడు ఒక్క తీగలోంచే లోపల దాగిన స్వరాలన్నీ బయటికి వస్తాయి. "దీన్ని జీవాళి అంటారు. ఇది లేకపోతే తంబురాకు ప్రాణం లేదు." ఇరవై రెండేళ్లు నూలు వడికాను, అందులో ఒక్క పోగుకు ఇలాంటి పని ఉందని ఎవరూ చెప్పలేదు నాకు.

ఆవిడ చేతులు వణుకుతున్నాయి. కుట్టు డబ్బాలోంచి దారం తీసి నాకిచ్చారు. నాలుగు పోగులు నేనే పెట్టాను. ఆవిడ మీటుతూ "ఇంకాస్త జరుపు, ఇంకాస్త, ఆఁ, అక్కడ" అంటుంటే గోటితో జరిపాను. నాలుగోది కుదిరేసరికి గది నిండిపోయింది. ఎక్కడా మొదలూ చివరా లేని చప్పుడు, అయినా ప్రతి మీటుకూ కొత్తగా విచ్చుకుంటోంది. నా మోత అందులో ఎక్కడ కలిసిందో వెతికినా దొరకలేదు. ఆవిడ కళ్లు మూసుకుని సన్నగా షడ్జమం పట్టుకున్నారు. ముప్పావుగంట అలాగే కూర్చున్నాం, మధ్యలో కాఫీ చల్లారిపోయింది.

బయల్దేరేటప్పుడు పిన్నిగారు గుమ్మం దాకా వచ్చారు. "కుట్టు దారం నాలుగు రోజులకు తెగుతుంది. ఈసారి వచ్చేటప్పుడు మీ మిల్లు నూలు గట్టిది చూసి తీసుకురా నాయనా" అన్నారు. ఎన్నో కౌంటు (నూలు ఎంత సన్నదో చెప్పే లెక్క) అయితే బాగుంటుందో తెలియదు. నలభై, అరవై, ఎనభై, మూడూ తీసి పెట్టుకున్నాను. వచ్చే ఆదివారం వెళ్తున్నాం.