ఒక్కో ఫైలుకు హద్దా, మొత్తానికి కోటానా?

మధురవాడలోని ఒక కళాశాల ల్యాబులో విద్యార్థులందరూ ఒకే లినక్స్ సర్వర్ వాడుతున్నారనుకోండి. ఆగని లూపు ఒకటి లాగ్ ఫైలును పెంచుకుంటూ పోతే డిస్క్ నిండి అందరి పనీ స్తంభిస్తుంది.

ప్రోగ్రామ్‌ల వాడకానికి హద్దులు పెట్టే లినక్స్ సదుపాయం యులిమిట్ దీన్ని అక్కడికక్కడే పట్టుకుంటుంది. ఆ హద్దులు రాసే లిమిట్స్.కాన్ఫ్ ఫైలులో ఎఫ్‌సైజ్‌ను (ఫైలు గరిష్ఠ పరిమాణాన్ని) 1048576 కిలోబైట్లుగా రాస్తే, ఫైలు 1 జీబీ దాటబోగానే కెర్నల్ (లినక్స్ మూల భాగం) సంకేతం పంపి ఆ ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. కానీ ఈ హద్దు ఒక్కో ఫైలుకే. అంతకన్నా చిన్న ఫైళ్లు ఎన్నయినా పోగేయవచ్చు. పైగా ఇది లాగిన్ సమయంలో వర్తించేది, సిస్టమ్‌డీ అనే లినక్స్ నిర్వాహక ప్రోగ్రామ్ నడిపే సర్వీసులకు విడిగా రాయాలి.

డిస్క్ కోటా ఒక్కొక్కరి మొత్తం వాడకాన్ని లెక్కిస్తుంది. సాఫ్ట్ పరిమితి దాటినా మామూలుగా 7 రోజుల గడువుంటుంది. ప్రాజెక్టులు సమర్పించే వారంలో విద్యార్థికి ఆ వెసులుబాటు ఎంతో అవసరం. హార్డ్ పరిమితి దగ్గర మాత్రం రాయడం ఆగిపోతుంది. ముందుగా ఫైల్ సిస్టమ్‌లో కోటాను ప్రారంభించే శ్రమ ఉన్నా, ఇలాంటి ల్యాబుకు నా ఓటు దీనికే.