రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్: వడల కోసమైతే కొనండి, దోశల కోసమైతే రొంత ఆలోచించుకోండి

ముందే చెప్పేస్తా, ఇంట్లో ఇద్దరే ఉండి ఎప్పుడో ఒకసారి దోశ పోసుకునే వాళ్ళకి ఈ గ్రైండర్ అక్కర్లేదు, మిక్సీ చాలు, డబ్బులు మిగుల్తాయి వంటింట్లో చోటు కూడా మిగుల్తుంది. మా ఇంట్లో అయిదుగురం, పొద్దున ఇడ్లీనో దోశనో లేకుండా తెల్లారదు, పైగా మా అత్తది నగరి, ఆ పక్క వాళ్ళకి ఇడ్లీ విషయంలో పట్టింపు ఎట్లుంటుందో తెలిసినోళ్ళకి తెలుసు.

కంపెనీ పేరు రాయను. కింద ఒక కంప్లైంట్ ఉంది, అది చదివితే ఎందుకో అర్థమవుతుంది. అయినా అంగడిలో నేను చూసినంత వరకు కోయంబత్తూరు నుంచి వచ్చే ఈ రెండు లీటర్ల మోడళ్ళు లోపల దాదాపు ఒకటే రకం, స్టీల్ డ్రమ్ము, కింద రాయి, పైన రెండో మూడో కోను ఆకారం గుండ్లు, అంతే, మూత రంగూ బాడీ డిజైనూ తేడా.

అసలు ఎందుకు కొన్నామంటే, అత్త పెళ్ళయినప్పటి నుంచి రోట్లోనే రుబ్బింది. తిరుపతికి వచ్చినాక బైరాగిపట్టెడలో రెండో అంతస్తు ఇల్లు, రోలు యాడ పెడతాం, మిక్సీలోనే నడిపించింది, అది కూడా గొణుక్కుంటానే. తర్వాత బాత్రూం దగ్గర జారి మణికట్టు విరిగింది, పుత్తూరు కట్టు కట్టించాం, ఎముక బాగానే అతుక్కుంది గానీ చెయ్యి మెలి తిప్పే పని ఏది చేసినా నొప్పి. మిక్సీ జారు పట్టుకోని మూత నొక్కి పెట్టడం కూడా కష్టమైపోయింది. దాంతో పిండి పని నా మీద పడింది, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడవుతుంది, ఇంక రుబ్బేదెప్పుడు, వచ్చే దోవలో పిండి అంగడిలో ప్యాకెట్ తెచ్చేదాన్ని. మొదట్లో "ఏమ్మే, ఇంట్లో బియ్యం లేవా, అంగడి పిండి తెచ్చినావు" అని అనేది. పోను పోను అనడం మానేసింది. ఇడ్లీ ఎట్లున్నా తినేసి లేచిపోయేది. మా అత్త ఇడ్లీకి వంక పెట్టకుండా తినిందంటే ఏదో తేడా ఉన్నట్టే, అది మా ఆయన కూడా గమనించాడు.

ఇంకోటి, అత్త వాళ్ళ అక్క ఉండేది తిరుత్తణిలో. ఊరు 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు తమిళనాడు. 2011లో జయలలిత వచ్చినాక ఇంటింటికీ మిక్సీ, గ్రైండర్, ఫ్యాను ఫ్రీగా ఇచ్చే స్కీం పెట్టారు కదా, ఆ గ్రైండర్ వాళ్ళింటికీ వచ్చింది. అప్పటి నుంచి తిరుత్తణి పోయొచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో అదే కథ, మా అక్క ఇంట్లో ఇడ్లీ ఇట్లుంది, మా అక్క ఇంట్లో వడ అట్లుంది, మనది ఆంధ్రా అయిపాయె అని. గీత అటు పక్క పడుంటే మనకూ వచ్చేది అన్నంత బాధ ఆమెకి.

సరే, గాంధీ రోడ్డులో పాత్రల అంగళ్ళు తిరిగాం. అత్తను కూడా తీసుకుపోయాం, అది చాలా మంచి పనయింది, ఎందుకంటే నేనూ మా ఆయనా రంగు చూస్తా ఉంటే ఆమె డ్రమ్ములో చెయ్యి పెట్టి రాయి తడిమి చూస్తా ఉంది, మరీ నున్నగా ఉంటే వద్దు అంటుంది. అంగడాయన నవ్వి, అమ్మకి తెలుసు సార్ అన్నాడు. అత్త మొహం చూడాల అప్పుడు. టిల్టింగ్ మోడల్ కూడా చూపించాడు, డ్రమ్ము వంచితే పిండి గిన్నెలోకి జారుతుంది, బాగుంది గానీ రేటు ఎక్కువ, చోటు ఎక్కువ. మాది మామూలు టేబుల్ టాప్, రెండు గుండ్లది, ఐదు వేలకి కాస్త అటూ ఇటూ అయింది. ఈ కరెంటు గ్రైండర్ పుట్టిందే కోయంబత్తూరులో, 1955లో సభాపతి అనే ఆయన తయారు చేశాడు, కోయంబత్తూర్ వెట్ గ్రైండర్‌కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, మన తిరుపతి లడ్డూకి ఉన్నట్టే.

ఇంటికి తెచ్చిన రోజే రుబ్బేయొద్దు. కొత్త రాయికి సన్నగా రాతి పొడి ఉంటుంది. గుప్పెడు పాత బియ్యం నానబెట్టి, రొంత కల్లుప్పు వేసి, కాసేపు తిప్పి ఆ పిండి పారేయాల, నీళ్ళు తెల్లగా వచ్చేదాకా ఇంకోసారి చేసినా మంచిదే. మాన్యువల్లో చిన్న అక్షరాల్లో ఉంది, చాలామంది చదవరు.

ఇంక అసలు సంగతి. మిక్సీకీ దీనికీ తేడా ఏందంటే, మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పప్పును కోస్తుంది, దాంతో వేడి పుడుతుంది, అందుకే చాలామంది ఐసు నీళ్ళు పోస్తారు. గ్రైండర్లో రాయి నిదానంగా తిరుగుతా పప్పును నలుపుతుంది, వేడెక్కదు, నలిగే కొద్దీ ఉద్దిపప్పు జిగట లోపల గాలి చేరి పిండి పొంగుతుంది. మిక్సీలో మేం మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు ఉద్దిపప్పు వేసేవాళ్ళం, దీంట్లో నాలుగుకి ఒకటి సరిపోతుంది. ఉద్దిపప్పు రేటు చూస్తే అది చిన్న లాభమేం కాదు.

పద్ధతి అత్తది. ఉద్దిపప్పూ చిటికెడు మెంతులూ కలిపి, ఇడ్లీ బియ్యం వేరేగా నానాల. ముందు గ్రైండర్ ఆన్ చేసి, తిరగతా ఉంటే కొద్దికొద్దిగా పప్పు వేయాల, ఒకేసారి మొత్తం పోసేసి ఆన్ చేస్తే మోటారు మూలుగుతుంది. నీళ్ళు పోయకూడదు, చల్లాల. అరగంట పడుతుంది. అయిందా లేదా అని తెలుసుకోవడానికి గిన్నెలో నీళ్ళు పెట్టుకోని చిన్న ఉండ వేస్తే తేలాల, మునిగితే ఇంకా తిప్పాల. తర్వాత బియ్యం, ఇరవై నిమిషాలు, మరీ మెత్తగా వద్దు. ఈ మొత్తం సేపూ పక్కన మనిషి ఉండాల, ఎందుకంటే పప్పు డ్రమ్ము అంచులకి ఎగదన్నుకోని అంటుకుంటుంది, గరిటెతో కిందికి తోస్తా ఉండాల.

ఆ పక్కన కూర్చునే డ్యూటీ మా ఆయనది. నిజంగా చెప్తా ఉన్నా, ఈ మనిషి పెళ్ళయినప్పటి నుంచి వంటింట్లోకి నీళ్ళ బాటిల్ కోసం తప్ప వచ్చింది లేదు. ఇప్పుడు గ్రైండర్ బరువని ఎత్తి పెట్టేది ఆయనే, పది కేజీలకి తక్కువ ఉండదు, ఎట్లాగూ వచ్చావు కదా అని అత్త కుర్చీ వేసి కూర్చోబెట్టేసింది. ఫోన్ చూస్తా నీళ్ళు చల్లతా ఉంటాడు, అత్త స్టూల్ మీద కూర్చోని "పోయద్దు రా, చల్లు, చల్లమంటే చెంబుతో పోస్తావే" అని అరుస్తా ఉంటుంది. చెయ్యి నొప్పి ఉన్నా పిండి మాత్రం మళ్ళీ ఆమెదే అయిపోయింది. నన్ను అసలు దగ్గరికి రానీదు, నాకు పోయిందేమీ లేదు, ఆ గంటసేపు నేను హాల్లో కాళ్ళు చాపుకోని కూర్చుంటా.

ఇడ్లీ బాగా వచ్చింది, తెల్లగా మెత్తగా, మధ్యాన్నం డబ్బాలో కూడా గట్టిపడలేదు, పెద్దోడి టిఫిన్ బాక్స్ ఖాళీగా తిరిగొస్తా ఉంది, అంతకుముందు సగం అట్లే వచ్చేది, అడిగితే ఫ్రెండ్స్ తినలేదమ్మా అనేవాడు, అంటే తను తినలేదని.

కానీ ఇడ్లీ పక్కన పెట్టండి, ఈ మిషన్ ఉండాల్సింది ఉద్దివడ కోసం. మిక్సీలో వడ పిండి ఎవరికీ సరిగా రాదు అని నా నమ్మకం, నీళ్ళు తక్కువేస్తే బ్లేడు తిరగదు, తిరగాలని నీళ్ళు పోస్తే పిండి జారు, జారుగా ఉంటే నూనె తాగుతుంది. దీంట్లో నాలుగు చెంచాల నీళ్ళతో గట్టిగా, అదే టైంలో తేలిగ్గా వచ్చేస్తుంది. మొదటి ఆదివారం ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, అల్లం, కరేపాకు, మిరియాలు దంచి వేసి అత్త వేసింది. బయట కరకర, లోపల దూది. చెనక్కాయల చట్నీతో వేసినవి వేసినట్టే అయిపోయాయి, నేను కూర్చునేసరికి ప్లేటులో కరేపాకు మిగిలుంది. అత్త బాగుందనీ చెప్పలేదు, బాలేదనీ చెప్పలేదు, చెయ్యి కడుక్కోని నేరుగా తిరుత్తణికి ఫోన్ చేసింది. "అక్కా, మాకూ వచ్చిందిలే, రాయిది. గవర్మెంటుది కాదు, దుడ్డు పెట్టి కొన్నది" అని. అవతల అక్క ఏమన్నదో గానీ ఇటు ఒకటే నవ్వు.

మా పాప కూడా ఆ తర్వాత వడ వేయడం నేర్చుకుంది. తడి చేతి మీద పిండి తట్టి, బొటనవేలితో చిల్లు పెట్టి, నూనెలోకి జార్చడం, ఇది నాకే ఇప్పటికీ సరిగా రాదు, నావి పకోడీల్లాగా వస్తాయి, దానివి గుండ్రంగా వచ్చాయి. అది వేసినవన్నీ వేరే ప్లేటులో పెట్టుకోని ఇల్లంతా తిరిగి చూపించి, కింద పోర్షన్ అక్కకి కూడా ఇచ్చొచ్చింది.

దోశ విషయంలో మాత్రం పెద్ద తేడా లేదు, ఇది ఎవరూ చెప్పరు. స్టోర్ బియ్యంతో మిక్సీలో వేసిన దోశ కూడా ఎర్రగా బాగానే వచ్చేది, దీంట్లోనూ అట్లే వస్తుంది. చట్నీలకి ఇది అస్సలు వద్దు, ఎండు సరుకు ఏదీ వేయకూడదు. రాగులు నానబెట్టి మొలకలు వచ్చినాక రుబ్బి పాలు తీయడానికి మాత్రం బాగుంది.

పిండి పులవడం గురించి ఒక మాట. తిరుపతి మే నెల సంగతి తెలిసిందే కదా, అప్పుడు రాత్రంతా బయట పెడితే తెల్లారేసరికి గిన్నెలో సగం, గట్టు మీద సగం ఉంటుంది, ఐదారు గంటల్లో ఫ్రిజ్‌లోకి పోవాల. డిసెంబరు, జనవరిలో ఇంకా చాలా సేపు పడుతుంది. గ్రైండర్ పిండి మామూలుకన్నా ఎక్కువ పొంగుతుంది కాబట్టి పెద్ద గిన్నె తీసుకోండి.

కరెంటు బిల్లు గురించి పక్కింటి అక్క అడిగింది. మాది 150 వాట్ల మోటారు, గంట తిప్పినా 0.15 యూనిట్. 750 వాట్ల మిక్సీ పది నిమిషాలు తిప్పితే 0.125 యూనిట్. కాబట్టి ఆ భయం లేదు.

ఇంక బాలేనివి. కడగడం పెద్ద తలనొప్పి. గుండ్ల మధ్యలో బుష్ ఉంటుంది, దాంట్లో ఉద్దిపప్పు ఇరుక్కుంటుంది, వెంటనే కడక్కపోతే ఎండి సిమెంట్ అయిపోతుంది, పాత టూత్ బ్రష్ ఒకటి దీనికోసమే పెట్టాం. మొదటి కడుగు నీళ్ళు అత్త పారబోయనివ్వదు, దోశ పిండిలో కలిపేస్తుంది. సౌండ్ ఉంది, మిక్సీ లాగా చెవులు పగిలేది కాదు గానీ గంటసేపు గరగర అంటా ఉంటుంది, పెద్దోడు టెన్త్, చదివే టైంలో వేస్తే ఇంట్లో యుద్ధం, అందుకని వాడు ట్యూషన్‌కి పోయినప్పుడే వేస్తాం. వైరు మరీ పొట్టి, ప్లగ్గు పక్కనే పెట్టాల్సిందే, మా గట్టు మీద కుదరక కింద నేల మీద పెట్టి వాడతా ఉన్నాం.

కంప్లైంట్ ఏందంటే బెల్టు. కొన్న కొన్నాళ్ళకే వదులైంది, మోటారు తిరుగుతుంది డ్రమ్ము తిరగదు, లోపల సగం నలిగిన పప్పు. సర్వీస్ వాళ్ళకి ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి, మెకానిక్ లీవు. అన్నిసార్లు చేసినాక వచ్చాడు, అయిదు నిమిషాల పని, బెల్టు వారంటీలో ఫ్రీ, కానీ వచ్చినందుకు చార్జీ తీసుకున్నాడు. ఆ అయిదు నిమిషాలూ మా ఆయన పక్కనే నిలబడి వీడియో తీసి పెట్టుకున్నాడు, ఈసారి తనే మారుస్తాడంట, చూద్దాం.

కొబ్బరి కోరు, చపాతీ పిండి కలిపేది అని అటాచ్‌మెంట్లు అంటగడతారు. కొబ్బరి కోరు ఫర్వాలేదు, చపాతీ పిండిది మాత్రం డబ్బాలోంచి బయటికి తీసిందే లేదు, చేత్తో కలపడమే తొందరగా అయిపోతుంది. ఆ డబ్బుకి ఒక స్పేర్ బెల్టు అడగండి. అంగడిలోనే ప్లగ్గు పెట్టించి ఖాళీగా తిప్పించి సౌండ్ వినండి, డ్రమ్ము ఊగతా ఉంటే వేరేది తీయమనండి, వారంటీ కార్డు మీద సీలూ తేదీ వేయించుకోండి, మెకానిక్ గడపలో అడుగు పెట్టంగానే మొదట అడిగింది అదే.