వ్యాయామం చేసేవాళ్లకు స్టాటిన్ మాత్రలు: ఏది మేలు, ఎక్కడ జాగ్రత్త

స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర గురించి ఎవరినడిగినా ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) ఎంత తగ్గిందో చెబుతారు. రోజూ పరిగెత్తేవాళ్లకు, బరువులు ఎత్తేవాళ్లకు అదొక్కటే సరిపోదు. తొడలు, పిక్కలు మునుపటిలా సాగుతాయా, దమ్ము తగ్గుతుందా అన్నది తెలియాలి. ఈ రివ్యూ ఆ ఒక్క విషయం మీదే. ముందే తేల్చి చెప్పేస్తాం: ఎక్కువమందికి ఈ మాత్రలతో వ్యాయామానికి ఏ అడ్డూ రాదు. అడ్డు వచ్చినచోట చాలాసార్లు అసలు లోపం వేరేచోట దొరుకుతుంది. తప్పు మాత్ర, అవసరానికి మించిన డోసు, కలవకూడని ఇంకో మందు, రక్తపరీక్షకు ఎంచుకున్న తప్పు రోజు. ఈ నాలుగూ సరిచేస్తే మాత్ర మానాల్సిన అవసరమే చాలామందికి రాదు.

మాత్ర పని తీరు కొంచెం తెలిస్తే మిగతాది సులువు. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలో హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. స్టాటిన్ దాన్ని అడ్డుకుంటుంది. కొలెస్ట్రాల్ చాలక కాలేయ కణాలు రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కోవడం మొదలుపెడతాయి. చిక్కేమిటంటే, అదే దారిలో కోఎంజైమ్ క్యూ10 కూడా తయారవుతుంది. కండరంలోని మైటోకాండ్రియా శక్తిని పుట్టించడానికి అది కావాలి. స్టాటిన్ వేసుకుంటే రక్తంలో క్యూ10 తగ్గేమాట నిజం. దాన్ని మోసుకు తిరిగేవాటిలో ఎల్‌డీఎల్ ముఖ్యమైనది కాబట్టి అది తగ్గితే ఇదీ తగ్గుతుంది. కండరం లోపల ఎంత తగ్గుతుందన్న దగ్గర మాత్రం పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. అందుకే క్యూ10 మాత్రలు కొనమని మేం చెప్పం. కొన్ని పరీక్షల్లో నొప్పి తగ్గింది, మరికొన్నింటిలో ఉత్తుత్తి (మందు లేని) మాత్రకూ దానికీ తేడా కనబడలేదు.

ఇక దమ్ము సంగతి. 2013లో వచ్చిన రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూడాలి. స్టాంప్ అనే మొదటిదానిలో 420 మంది ఆరోగ్యవంతులకు ఆరు నెలల పాటు అటోర్వాస్టాటిన్ 80 మి.గ్రా. గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. 80 అంటే ఆ మందులో గరిష్ఠ డోసు. అయినా కండర బలంలో, వ్యాయామ సామర్థ్యంలో సగటున తేడా రాలేదు. కండరాల బాధ మాత్రం స్టాటిన్ వైపు 19 మందికి, అటువైపు 10 మందికి వచ్చింది. రెండోది చిన్న పరిశోధన, 37 మందితో చేసింది. అధిక బరువుండి, వ్యాయామం అలవాటు లేనివాళ్లు 12 వారాలు ఏరోబిక్ శిక్షణ చేశారు. మాత్ర లేనివాళ్ల ఆక్సిజన్ వాడే సామర్థ్యం 10 శాతం పెరిగింది. సింవాస్టాటిన్ 40 మి.గ్రా. వేసుకున్నవాళ్లకు 1.5 శాతమే పెరిగింది. కండరంలోని మైటోకాండ్రియా ఎంజైమ్ ఒకటి మొదటి గుంపులో పెరిగింది, రెండో గుంపులో పెరగలేదు.

రెండింటినీ కలిపి చదివితే మాకు అర్థమయ్యేది ఇది: ఉన్న బలాన్ని స్టాటిన్ లాగేసుకోదు. కొత్తగా మొదలుపెట్టిన శిక్షణ ఫలితాన్ని మాత్రం, అదీ 40 మి.గ్రా. సింవాస్టాటిన్‌తో, కొంత తగ్గించే అవకాశం ఉంది. ఒక చిన్న పరిశోధన చూసి మాత్ర పారేయడం తెలివైన పని కాదు. అమెరికా మాజీ సైనికులు 10,043 మందిని ఏళ్ల తరబడి గమనించి 2013లోనే ప్రచురించిన లెక్కల్లో, మరణాలు అతి తక్కువగా ఉన్నది స్టాటిన్ వేసుకుంటూ ఫిట్‌నెస్ కూడా బాగా ఉన్నవాళ్లలో.

మాత్రల్లో ఒక్కొక్కదాని తీరు వేరు.

వ్యాయామం చేసేవాళ్లకు సింవాస్టాటిన్‌ను మేం చివరి వరసలో పెడతాం. 80 మి.గ్రా. డోసును కొత్తవాళ్లకు మొదలుపెట్టవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2011లోనే చెప్పింది, కండరం దెబ్బతినే ముప్పు వల్లే. ఎస్‌ఎల్‌సీఓ1బీ1 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లలో ఈ మందు కాలేయంలోకి సరిగా వెళ్లదు, రక్తంలో పేరుకుంటుంది, అది కండరానికి చేరుతుంది. దీని ప్రభావం త్వరగా తగ్గిపోతుంది కాబట్టి రాత్రే వేసుకోవాలి. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఎక్కువసేపు నిలబడతాయి, ఏ పూట వేసుకున్నా ఒకటే.

అటోర్వాస్టాటిన్ 10, 20 మి.గ్రా. డోసుల్లో నమ్మదగిన మాత్ర. 80కి వెళ్లినప్పుడు కండరాల ఫిర్యాదులు కొంత పెరుగుతాయి. గుండెపోటు వచ్చినవాళ్లకు ఆ డోసు ఇవ్వడానికి గట్టి కారణం ఉంటుంది, అక్కడ వ్యాయామం సౌకర్యం రెండో విషయం.

రోసువాస్టాటిన్ 5 లేదా 10 మి.గ్రా. మా మొదటి ఎంపిక. ఇది నీటిలో కరిగేది కాబట్టి కండరంలోకి వెళ్లదని చాలామంది చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది గానీ, ఆ ఒక్క కారణంతో నొప్పులు తక్కువ వస్తాయని గట్టిగా రుజువు కాలేదు. మేం ఎంచుకోవడానికి కారణాలు వేరు: 10 మి.గ్రా.తోనే ఎల్‌డీఎల్ సుమారు 45 శాతం తగ్గుతుంది, ఇతర మందులతో గొడవలు తక్కువ. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు మాత్రం డోసు పరిమితం చేయాలి. ప్రావాస్టాటిన్, ఫ్లువాస్టాటిన్ కండరానికి తేలికైనవే, అయితే ఎల్‌డీఎల్‌ను తగ్గించే శక్తీ అంతే తక్కువ. రోసువాస్టాటిన్ కూడా పడనివాళ్లు ప్రయత్నించవచ్చు.

డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. కండరం మీద పడే భారం మాత్రం పెరుగుతుంది. 20 నుంచి 40కి వెళ్లే బదులు, ఉన్న డోసుకే ఎజెటిమైబ్ 10 మి.గ్రా. జతచేస్తే ఇంకో 15 నుంచి 20 శాతం తగ్గుతుంది. ఎజెటిమైబ్ పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోకుండా ఆపుతుంది, కండరం జోలికి పెద్దగా పోదు. డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు డోసు పెంచడం గురించి కాకుండా దీని గురించి అడగండి.

ఇతర మందుల సంగతి దగ్గర చాలామంది దెబ్బతింటారు. క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్, ఇట్రాకొనజోల్ ఫంగస్ మందు, ఎక్కువ మోతాదులో గ్రేప్‌ఫ్రూట్ రసం: ఇవి సింవాస్టాటిన్‌ను బాగా, అటోర్వాస్టాటిన్‌ను కొంత, రక్తంలో పెంచేస్తాయి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంటే సింవాస్టాటిన్ 20 మి.గ్రా. దాటకూడదు. డిల్టియాజెమ్, వెరపామిల్ అయితే 10 దాటకూడదు. ట్రైగ్లిజరైడ్లు తగ్గించే జెమ్‌ఫైబ్రోజిల్ సింవాస్టాటిన్‌తో అసలే పనికిరాదు. సెరివాస్టాటిన్ అనే మాత్రను 2001లో మార్కెట్ నుంచి తీసేశారు. కండరం కరిగిపోయి ప్రాణాలు పోయిన కేసులు అందుకు కారణం, ఆ ముప్పు జెమ్‌ఫైబ్రోజిల్‌తో కలిసినప్పుడు మరీ ఎక్కువగా ఉండేది.

ఇంకో మాట. దమ్ము తగ్గిందని స్టాటిన్‌ను తిట్టేవాళ్లలో కొందరు బీటా బ్లాకర్ కూడా వేసుకుంటుంటారు. గుండె వేగాన్ని పట్టి ఉంచేది ఆ మాత్ర. స్టాటిన్ గుండె వేగాన్ని మార్చదు. పరుగులో మునుపు 165 తాకే పల్స్ ఇప్పుడు 135 దగ్గరే ఆగిపోతుంటే, చూడాల్సింది బీటా బ్లాకర్ వైపు.

మొదలుపెట్టే విధానం మీద కొంచెం శ్రద్ధ పెట్టండి. మాత్రకు ముందే సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ డి, క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), కాలేయ పరీక్షలు చేయించుకోవాలి. థైరాయిడ్ తక్కువగా ఉండి ఎవరూ గమనించకపోతే, దానివల్ల వచ్చే కండర నొప్పులు మాత్ర ఖాతాలో పడతాయి. పైగా థైరాయిడ్ లోపమే స్టాటిన్ నొప్పిని పెంచుతుంది. తర్వాత ఆరు వారాల పాటు శిక్షణను ఉన్నచోటే ఉంచండి. స్టాటిన్ మొదలుపెట్టిన వారమే కొత్తగా లంజెస్, వాలు మీద దిగువకు పరుగు పెట్టుకోకూడదు. కండరం సాగుతూ బరువు మోసే పనులు కండర నారల్ని ఎక్కువగా చీలుస్తాయి, నొప్పి వస్తే ఏది కారణమో తేల్చడం కష్టమవుతుంది. నడక, సైకిల్, ఈత మామూలుగా సాగించవచ్చు.

సీకే పరీక్షలోనే అందరికన్నా ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఆదివారం గట్టిగా స్క్వాట్స్ చేసి, సోమవారం ఉదయం రక్తం ఇచ్చి, రిపోర్టులో పదిహేను వందలు చూసి బెదిరిపోతారు. గట్టి వ్యాయామం తర్వాత సీకే ఒకటి నుంచి నాలుగు రోజుల్లో గరిష్ఠానికి చేరుతుంది, అలవాటు లేని వ్యాయామమైతే వేలల్లోకి పోవచ్చు. మాత్రతో సంబంధమే ఉండదు. రక్తం ఇచ్చే ముందు కనీసం మూడు రోజులు, వీలైతే వారం, బరువైన పని మానండి. అప్పుడు వచ్చిన అంకెను ల్యాబ్ గరిష్ఠ పరిమితితో పోల్చాలి. నాలుగు రెట్లలోపు ఉండి నొప్పి లేకపోతే సాగించవచ్చు. నాలుగు నుంచి పది రెట్ల మధ్య ఉంటే డాక్టర్‌కు చూపించి, మళ్లీ పరీక్ష చేయించాలి. పది రెట్లు దాటితే మాత్ర ఆపి, మూత్రపిండాలు వెంటనే చూపించుకోవాలి.

నొప్పిని గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు. వ్యాయామం నొప్పి పనిచేసిన కండరంలోనే వస్తుంది, రెండో రోజు బాగా బాధించి, వారంలోపు పోతుంది. స్టాటిన్ నొప్పి ఎక్కువగా రెండు వైపులా ఒకేలా, తొడల్లో, పిరుదుల్లో, పిక్కల్లో ఉంటుంది. వ్యాయామం చేసినా చేయకపోయినా తగ్గదు, మాత్ర మొదలైన లేదా డోసు పెరిగిన కొన్ని వారాల్లో కనిపిస్తుంది. ఇంట్లోనే ఒక కొలత పెట్టుకోండి: చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వారానికోసారి రాసుకోండి. మాత్రకు ముందు 8 సెకన్లు పట్టింది ఇప్పుడు 13 అయితే అది వట్టి అనుమానం కాదు. బలం నిజంగానే తగ్గుతోంది. నొప్పి ఉన్నా సెకన్లు మారకపోతే అంత తొందర పడనక్కర్లేదు.

అనుమానం బలపడితే, డాక్టర్‌కు చెప్పి రెండు నుంచి నాలుగు వారాలు మాత్ర ఆపి చూస్తారు. గుండెపోటు, స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపకూడదు. నొప్పి తగ్గిందా, అదే మాత్రో, తక్కువ డోసులో ఇంకొకటో మళ్లీ మొదలుపెట్టి చూడాలి. ఈ రెండో అడుగు వదిలేస్తే ఏమీ తేలదు. 2020లో వచ్చిన సామ్సన్ పరిశోధనలో, అంతకుముందు స్టాటిన్ పడక మానేసిన 60 మందిని తీసుకుని, ఏ నెలలో ఏది ఇస్తున్నారో చెప్పకుండా స్టాటిన్, ఉత్తుత్తి మాత్ర మార్చి మార్చి ఇచ్చారు. ఏ మాత్రా లేని నెలలూ పెట్టారు. స్టాటిన్ నెలల్లో పడిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్ర నెలల్లోనూ వచ్చింది. ఆ బాధ అబద్ధం కాదు, నిజంగానే పడ్డారు. మాత్ర మీది భయం కూడా నొప్పి పుట్టిస్తుంది. కొద్దిమందికి మాత్రం నిజంగానే మందు పడదు, వాళ్లను అంతా ఊహే అని పంపేయడం అన్యాయం. రోసువాస్టాటిన్ 5 మి.గ్రా. రోజు విడిచి రోజు వేసుకుని నెగ్గుకొచ్చేవాళ్లున్నారు.

మూత్రం కోలా రంగులోకి మారినా, కండరాలు వాచి కదపలేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మాత్ర ఆపిన నెలల తర్వాతా బలహీనత పెరుగుతూ, సీకే వేలల్లోనే ఉంటే హెచ్‌ఎంజీసీఆర్ యాంటీబాడీ పరీక్ష అడగండి. ఒంటి రక్షణ వ్యవస్థే కండరం మీద దాడి చేసే, చాలా అరుదైన జబ్బును పట్టుకునే పరీక్ష అది. ఆ జబ్బు మాత్ర ఆపినంత మాత్రాన పోదు, విడిగా చికిత్స కావాలి.

ఏ స్టాటినూ పడనివాళ్లకు బెంపెడోయిక్ యాసిడ్ ఉంది. ఇది కాలేయంలో మాత్రమే క్రియాశీలమవుతుంది. దాన్ని మేల్కొలిపే ఎంజైమ్ కండరంలో లేదు. అయితే యూరిక్ యాసిడ్‌ను పెంచి గౌట్ తెప్పించవచ్చు, స్నాయువు తెగే ప్రమాదం గురించి దాని కరపత్రంలోనే హెచ్చరిక ఉంది. మడమ వెనక స్నాయువు ఇప్పటికే బాధపెడుతున్న రన్నర్లు ఈ సంగతి డాక్టర్‌కు చెప్పకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. వాళ్లు ఎల్‌డీఎల్ తగ్గించే ఎవొలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ ఇంజెక్షన్ల గురించి అడగవచ్చు. వాటిని ఎక్కువగా రెండు వారాలకోసారి చర్మం కింద వేసుకుంటారు.